చెల్లెలికిచ్చిన దూరదర్శిని

పిల్లలలో నెవరికైన నక్షత్రములను జూచు నాసక్తి పొడమినచో, పుట్టినరోజునకో పరీక్షలో గెలిచినందుకో యొక దూరదర్శినిని గొని కానుకగా నిచ్చుట మన పట్టణముల గృహములలో నిప్పు డరుదు గాదు. ఇది సంతోషింపదగిన విషయమే. నగలకును బట్టలకును వెచ్చించు ధనములో గొంతయైనను జ్ఞానమునకు వినియోగపడుచున్నది. అయినను ఆఱుమాసములు గడచునప్పటికి, పెక్కిండ్లలో నా గొట్టము బీరువాపై దుమ్ముపట్టి యుండుట మేము చూచుచున్నాము. పిల్లల చాపల్యమే దీనికి గారణమని పెద్దలందురు. మాకట్లు తోచదు. దోషము సామాన్యముగా కానుక నిచ్చినవారియందే యున్నది. పెట్టెపై నయిదారువందల రెట్లు పెద్దదిగా జూపునని యచ్చువేసిన మాటను నమ్మి కొన్నవారు కొందఱు. గొట్టము నిచ్చి, దానితో జూచుటకు రాత్రి నీయనివారు మఱికొందఱు. ఈ రెండవ తప్పు మొదటిదానికంటె పెద్దది. దీనిని దెలిసికొనుటకు, రెండువందల నలువదియేండ్లకు బూర్వ మొక యన్న తన చెల్లెలికిచ్చిన చిన్న దూరదర్శిని చరిత్రమును మించిన యుదాహరణము మాకు గానరాదు.

దూరదర్శిని పుట్టినది మొదలు కానుకగానే చేతులు మాఱినది. 1608లో హాలండు దేశమున గండ్లద్దములు చేయువారి యంగళ్లలో బయలువెడలిన యీ సాధనమును గెలీలియో తన చేతులతో బాగుచేసి, 1609 ఆగస్టులో వెనీసు నగరాధిపతికి సమర్పించెను. ఫలముగా నాతని జీతము పెరిగెను. పిమ్మట బృహస్పతి చుట్టు దిరుగు నాలుగు చంద్రులను గనిపట్టి, వానిని జూపగల దూరదర్శినులను ప్రభువులకును మతాధికారులకును బంపెను. కాని యాతని మాటను తొలుదొలుత బలపఱచిన పండితుడగు కెప్లరునకు మాత్ర మొకటియు రాలేదు. కొలోను ప్రభువునకు బోయిన దూరదర్శిని 1610 వేసవి చివర గొన్నిదినములు ఎరువుగా దొరకగా, కెప్లరు దానితో నా చంద్రులను జూచి, చూచినదానిని లోకమునకు బ్రకటించెను. ఇచ్చినవాడు పుచ్చుకొనువారి హోదాను జూచెనేకాని యక్కఱను జూడలేదు.

అక్కఱ నెఱిగి యిచ్చిన కానుక కథ వేఱు. కరోలీను హెర్షెలు 1750 మార్చి 16వ తేదీని జర్మనీలోని హానోవరు పట్టణమున జన్మించెను. తండ్రి సైనికుల వాద్యబృందములో నొకడు, పేదవాడైనను విద్యాప్రియుడు. చలి గడ్డకట్టుచున్న యొక నిర్మలమైన రాత్రి యాయన తన్ను వీధిలోనికి గొనిపోయి, తోకచుక్కను, అందమైన నక్షత్రరాశులను జూపెనని యామె ముసలితనమున దలచికొన్నది. తల్లి స్వభావము వేఱు. కొడుకులు చదువుకొనుటచేతనే యిల్లు విడిచి దూరదేశములు పట్టిపోయిరని యామె నమ్మకము. కావున కూతునకు వంటయు, అల్లికయు, ఇంటిచాకిరియు జాలునని నిశ్చయించెను. పదియవయేట వచ్చిన విషజ్వరముచే నా పిల్ల యెదుగుదల నిలిచిపోయెను. ఆమె యెత్తు నాలుగడుగుల మూడంగుళములు దాటలేదు. ఆమెకు పెండ్లికాదని యింటివా రనుకొనిరి. పెండ్లికాని పిల్ల యనగా జీతములేని దాసి యని యర్థము. హానోవరు మాట యటుండనిండు. మన యిండ్లలో నీ లెక్క పూర్తిగా మాఱినదో లేదో చదువరులే చెప్పవలెను.

ఆమె యన్న విలియము ఇంగ్లండులోని బాతు నగరమున సంగీతోపాధ్యాయుడు. 1772లో నాతడు హానోవరునకు వచ్చి, తల్లి యొక పనిమనిషిని బెట్టుకొనుటకు దగిన సొమ్ము నేటేట నిచ్చు నేర్పాటు గావించి, చెల్లెలిని వెంటబెట్టుకొని పోయెను. కూతునకు విడుదల దొరకుటకు వెల చెల్లింపవలసి వచ్చినదన్నమాట. బాతులో నన్న యామెకు సంగీతమును, లెక్కలను, ఇంగ్లీషును నేర్పెను. ఆమె సభలలో బాడి మంచి పేరు గడించుచుండెను. ఇంతలో నన్నకు ఆకాశముపై మోహము గలిగి, ఇల్లంతయు దర్పణములు నూఱు కార్ఖానా యయ్యెను. మెఱుగుపెట్టునపుడు చేయి తీయగూడదు గనుక, ఒకనాడు పదునాఱుగంట లాతడు కదలక పనిచేయగా, చెల్లెలే ముద్దలు చేసి నోటి కందించెను. 1781 మార్చి 13వ తేదీని విలియము యురేనసు గ్రహమును గనుగొనెను. మఱుసటి యేడు మూడవ జార్జి రాజు సాలునకు రెండువందల పౌనుల భృతి నీయగా, కాపురము విండ్సరు కోట చేరువనున్న డాచెటు గ్రామమునకు మాఱెను. దానితో జెల్లెలి పాట ముగిసినది.

అక్కడనే 1782 ఆగస్టులో నన్న యామె చేతికి గటకములతో గూర్చిన యొక చిన్న గొట్టము నిచ్చి, ఆకాశమును వరుసగా నూడ్చినట్లు వెదకి, తోకచుక్కలను పట్టుమని చెప్పెను. ఆ నెల 22వ తేదీని ఆమె తన పరిశీలనల పుస్తకమునకు మొదటిపుట వ్రాసెను. ఆమె తొలుత సంతోషించినదని చెప్పుటకు వీలులేదు. మంచుపడిన గడ్డిపై, కేకవేసిన బలుకు మనిషి లేనిచోట, ఒంటరిగా రాత్రులు గడుపుట దుర్భరముగా నుండెను. పటములోని చుక్కలను ఆకాశములోని చుక్కలతో బోల్చుకొనుటకే ప్రొద్దు చాలకుండెను. ఏ క్రొత్తవారికైనను నిది తప్పదు. మొదటి నాలుగు రాత్రులలో నేమియు దొరకలేదని పిల్లలను పరిహసించు పెద్ద లీ మాటను గుర్తుంచుకొందురుగాక. 1783 ఫిబ్రవరి 26వ తేదీని, లుబ్ధకునకు దూర్పుదిక్కున నెవ్వరును వ్రాసియుంచని యొక నక్షత్రగుచ్ఛ మా చిన్నగొట్టములోనే యామెకు గానవచ్చెను. ఇప్పటి పట్టికలలో దాని సంఖ్య 2360.

ఆ యేడే యన్న యామెకై ప్రత్యేకముగా నింకొక సాధనమును జేసెను. దీని దర్పణము నాలుగంగుళములకు గొంచెము మించి యుండెను, పొడవు రెండడుగులపైన. అది ముప్పదిరెట్లకు మించి పెద్దదిగా జూపునది కాదు. విలియమునొద్ద వందలకొలది రెట్లు చూపు యంత్రము లుండగా జెల్లెలికి దీనినేల యిచ్చెను? తక్కువవెల దానితో సరిపుచ్చుటకు గాదు. శక్తి హెచ్చినకొలది కనబడు నాకాశభాగము కుంచించుకొనిపోవును, వెలుగు పలుచనగును, చేయి వణకిన వణకుగూడ నన్నిరెట్లు పెరుగును. ఈ చిన్న యంత్రమున నొక్కమాఱు కనబడు నాకాశపు వెడల్పు రెండు డిగ్రీలకు బైన. అనగా నాలుగు చంద్రబింబములు ప్రక్కప్రక్కన నిముడును. చక్రమును ద్రిప్పిన గొట్టము మెల్లగా పైకి, క్రిందికి గదలును. పొట్టిదగు నా స్త్రీ యొంటరిగా, ఎవరి సాయమును గోరకుండ, దానిని నడపుకొనగలదు. పుచ్చుకొనువారి యెత్తు, బలము, పని తెలిసి చేసిన కానుక యది.

కాని రాత్రులో? 1783 చివర నన్న యిరువదియడుగుల పెద్ద దూరదర్శినిని నిలిపెను. అది మొదలు కరోలీను చోటు కిటికీ దగ్గఱ వ్రాతబల్ల యయ్యెను. అన్న పైనుండి కేకవేసి చెప్పుదానిని గడియారము చూచి వ్రాసికొనుట, పగలు దానిని శుద్ధప్రతి యెత్తుట, నడుమ నింటిపని. ఆ సంవత్సరపు కడపటి రాత్రి, అన్న త్వరపెట్టగా, మంచుపై జీకటిలో బరుగెత్తుచుండగా, యంత్రమున కమర్చిన యినుపకొక్కె మామె కాలిలో మోకాటిపై దిగి, మాంసమును జీల్చెను. గాయము మానుటకు గొన్ని వారములు పట్టెను. ఆమెకై చేసిన యంత్రము మాత్రము, అన్న యూర లేని రాత్రులకై కనిపెట్టుకొని యుండెను.

అట్టి రాత్రులు 1786లో వచ్చెను. మూడవ జార్జి జర్మనీలోని గోటింగెను విశ్వవిద్యాలయమునకు విలియము చేసిన పదియడుగుల దూరదర్శిని నొకదానిని గానుకగా బంపదలచెను. దానిని జేర్చుటకు విలియము స్వయముగా బయలుదేరెను. వారప్పటికి స్లౌ గ్రామమునకు మాఱియుండిరి. రాజుగారి పెద్ద కానుక సముద్రము దాటినందున, ఇంటనున్న చిన్న కానుకకు దీరిక దొరకినది. ఆగస్టు 1వ తేదీ రాత్రి సప్తర్షిమండలమునకు సమీపమున మసకగా నొక వస్తువు కనబడెను. ఆమె తొందరపడలేదు. మఱునాటిరాత్రి మరల జూచి, అది చోటు మాఱినదని రూఢిచేసికొని, రాయలు సొసైటీ కార్యదర్శికి జాబు వ్రాసెను. అది క్రొత్త తోకచుక్క. ఆ జాబును సొసైటీ తన పత్రికలో బ్రకటించెను. 1797 లోపల నట్టివి మొత్త మెనిమిది యామె కంటబడెను. ఎనిమిదవది కనబడిన మఱునాడు, గంటసేపు మాత్రము నిద్రించి, గుఱ్ఱమెక్కి, తానే గ్రీనిచ్చి వేధశాలకు వార్త గొనిపోయెను.

1787లో రాజామెకు సాలునకు ఏబది పౌనుల జీత మేర్పఱచెను. తొలి కిస్తు చేత బడినప్పుడు, జీవితములో దన యిష్టము చొప్పున వెచ్చించుకొనదగిన మొదటి ధన మదియే యని యామె వ్రాసికొన్నది. అప్పటికామె వయస్సు ముప్పదియేడు. 1828లో నింగ్లండులోని జ్యోతిశ్శాస్త్రసంఘము సువర్ణపతకము నిచ్చెను. మరల నొక స్త్రీకి ఆ పతకము 1996 వఱకు దక్కలేదు. ఈ యంకెపై వ్యాఖ్య యక్కఱలేదు.

అన్న చనిపోయిన పిమ్మట, 1822లో నామె హానోవరు చేరి, 1848 వఱకు, అనగా తొంబదియెనిమిదవయేటివఱకు జీవించెను. అక్కడి యెదురిండ్ల కప్పు లెత్తుగా నుండి యాకాశము గనబడదని యామె మొఱపెట్టుకొన్నది. నేటి మన నగరములలో గప్పులకుతోడు వీధిదీపములుగూడ నున్నవి. కాబట్టి మనమీయదగిన తొలి యంత్రము ఒక్కమనిషి మేడమెట్లెక్కించి, డాబాపై నిలుపుకొనగలిగినదై యుండవలెను.

తెలుగుదేశమున నీ విద్యకు మంచి పూర్వులు లేకపోలేదు. 1840లో గోడె వెంకట జగ్గారావుగారు విశాఖపట్టణమున స్వంతముగా వేధశాలను స్థాపించిరి. 1856లో వారు గతింపగా, అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని సాగించి, ఆఱంగుళముల దూరదర్శినిని సంపాదించి, 1874లో సూర్యబింబముపై శుక్రుడు దాటిపోవుటను బరిశీలించిరి. అది సంపన్నుల మాట. సామాన్యులకు దారి చూపినవాడు మన వేదాంతముతో సంబంధముగల యొక యమెరికను సన్యాసి. జాన్ డాబ్సను 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంతసంఘమునం జేరి, ఓడకిటికీల పాత గాజుబిళ్లలతో దర్పణములు నూఱి, చెక్కపెట్టెలపై దూరదర్శినులను నిలిపెను. వానిని వీధులలో ద్రిప్పుచు దఱచు మఠమున లేకపోవుటచే 1967లో నాతడు మఠమును విడువవలసి వచ్చెను. ఆతని చెక్కపీఠము నేడు లోకమంతట వాడుకలో నున్నది.

మమ్మడిగినచో, అట్టి చెక్కపీఠముపై నాలుగైదంగుళముల దర్పణముగలది యొకటి, తక్కువశక్తి కటకముతో గొనుడని చెప్పుదుము. అంగుళమునకు ఏబదిరెట్లకు మించి యే యంత్రమును సరిగా జూపజాలదు. రెండున్నర యంగుళముల గొట్టముపై నయిదువందలని వ్రాసిన యంగడివానికి దూరముగా నుండుడు. అంత ధనము లేనివారు ఏడురెట్లు పెంచు, ఏబది మిల్లీమీటర్ల కటకములుగల బైనాక్యులరును గొనవచ్చును. కృత్తికలు దానిలో నెంతో యందముగా గనబడును. తగిన వడపోత యద్దమును గొట్టము ముందఱివైపున బిగింపకుండ సూర్యునివైపు ద్రిప్పిన గన్ను పోవునని మొదటిదినముననే చెప్పవలెను. పుస్తకములలోని రంగుల చిత్రములవలె నాకాశ ముండదనియు జెప్పవలెను.

గొట్టముతోబాటు డాబా తాళముచెవిగూడ నా పిల్ల చేతి కీయుడు. ఆడుపిల్లయైనచో రాత్రి తొమ్మిదిగంటలకు గ్రిందికి రమ్మని పిలువకుండుటయు, మఱునాటి యుదయపు పని వేఱొకరికి జెప్పుటయు గానుకలోని భాగమే. తండ్రియో తల్లియో తొలిరాత్రి ప్రక్క గూర్చుండిన మేలు. పున్నమినాడు మొదలుపెట్టకుడు, ఆనాడు వెలుగెక్కువయై చంద్రుని గుంటలు తేలిపోవును. శుక్లపక్షపు సప్తమినాడైన వాని యంచుల నీడలు నల్లగా, పొడవుగా బడియుండును.