తెరమీది రామదాసు, చెరలోని గోపన్న

ఏటేటా శ్రీరామనవమినాడు భద్రాచలమునుండి ప్రసారమగు కల్యాణ వ్యాఖ్యానము వినని తెలుగు ఇల్లు అరుదు. ముత్యాల తలంబ్రాలు ప్రభుత్వము తరఫున వచ్చినవని వ్యాఖ్యాత అనగానే, ఇంటిలో పెద్దలెవరో పిల్లలకు తానీషా కథ చెప్పుట కద్దు. ఆ చెప్పెడి కథ చాలావరకు చలనచిత్రముల కథయే. మా మధురానగరుకు ఒక ప్రక్క సారథీ స్టూడియో, మరియొక దిక్కున కొలది మైళ్లలో గోలకొండ కోట. కథలు తీయుచోటికిని కథ జరిగినచోటికిని నడుమ కాపురమున్నాము గనుక, రెంటిని పోల్చి చూడవలెనని మాకు చాలకాలముగా కోరిక.

తెలుగు టాకీ 1932లో పుట్టగా, మరుసటి యేటనే రామదాసు తెరకెక్కినాడు. 1964లో చిత్తూరు నాగయ్యగారు తామే నిర్మాతయు దర్శకుడునై ఆ పాత్ర ధరించిరి. 2006లో కె. రాఘవేంద్రరావుగారి ‘శ్రీరామదాసు’ వచ్చినది. అందులో గోపన్నగా నాగార్జున, కబీరుదాసుగా అక్కినేని నాగేశ్వరరావుగారు నటించిరి.

ఆ కబీరు దగ్గరనే మొదటి చిక్కు. కబీరు 1518లో దేహము చాలించెనని సంప్రదాయము. కంచర్ల గోపన్న పదునేడవ శతాబ్దివాడు. గురుశిష్యుల నడుమ నూరేండ్లకు మించిన ఎడము! అయితే ఈ తప్పు చిత్రములవారిది కాదు. హరికథలలో ఎన్నాళ్లనుండియో ఉన్నదే. కబీరు మార్గమున నడచిన ఫకీరెవరో గోపన్నకు తటస్థపడియుండవచ్చునని మా ఊహ.

ఇక అసలు విషయము పైకము. గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారు. శిస్తు సొమ్ము ఆరు లక్షలు ఆలయమునకు వెచ్చించెననియు, పన్నెండేండ్లు గోలకొండ చెరలో నుండెననియు ప్రతీతి. తెరకు ఒక దుర్మార్గుడు కావలెను; అందుచేత కొండెములు చెప్పువారు, అసూయాపరులు కథలోనికి వత్తురు. గోలకొండ రాజ్యమున నిజమైన దుర్మార్గుడు బహుశః శిస్తు పద్ధతియే. పరగణాలను, రేవులను ఏటేటా వేలము పాడి తీసుకొనువారు ఒప్పుకొన్న మొత్తమును ఖజానాకు కట్టి తీరవలెను. ఆ శతాబ్ది తొలిభాగమున మచిలీపట్నములో నున్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్‌వోల్డ్, పైకము పూర్తిగా చెల్లించలేని ఒక అధికారిని బెత్తములతో చచ్చువరకు కొట్టిరని వ్రాసియుంచినాడు. ఆ అధికారి గుడి కట్టినవాడు కాడు, భక్తుడనియు ఎవరును చెప్పలేదు. గోపన్నకు పడిన దెబ్బలు మతద్వేషమువలన పడినవని తలచువారు ఈ సంగతి గమనింపవలెను.

ఇందుకు గోపన్న కీర్తనయే సాక్ష్యము. సీతమ్మకు చేయించిన పతకమునకు ఇంత, భరతునికి ఇంత, శత్రుఘ్నుని మొలత్రాటికి ఇంతయని వరహాలు, మొహరీలు లెక్కగట్టి, ఇదంతయు నీ తండ్రి పెట్టినాడా, నీ మామ పంపినాడాయని రాముని నిలదీసిన పాట అది. చివరకు, దెబ్బలకు తాళలేక తిట్టితినని క్షమాపణ వేడును. భక్తిరంజనిలో దానిని వినునప్పుడు మనము రాగమునే వినుచున్నాము. అది ఒక తహసీలుదారు అప్పజెప్పుచున్న జమాఖర్చుల చిట్టాయని తట్టదు. చిత్రములలో పన్నెండేండ్లు నాలుగైదు నిమిషముల పాటలో గడచిపోవును. ఆ సొమ్ము చెమటోడ్చి కట్టిన పాల్వంచ రైతు ఏ పాటలోను కనబడడు.

మరియొక సంగతి. అబుల్ హసన్ తానీషా 1672లో గద్దె నెక్కెను. 1687 సెప్టెంబరులో కోట ఔరంగజేబు వశమైనది. ఏలుబడి పదునైదేండ్లు, చెర పన్నెండు! గోపన్నకు మేనమామలని ప్రసిద్ధిగాంచిన అక్కన్న మాదన్నలు అధికారమున నున్న కాలమంతయు దాదాపు ఇందులోనిదే. మంత్రియైన మేనమామ మేనల్లుని ఎందుకు విడిపింపలేదు? ఖజానా కట్టుదిట్టము చేయబూనిన మంత్రి సొంత బంధువును మన్నించినచో తక్కిన తహసీలుదారులు ఊరకుందురా? మాకు ఇదియే సబబుగా తోచుచున్నది. ఆ అన్నదమ్ములు 1686లో గోలకొండలోనే హత్యకు గురియైరి.

కోట పడిన పిమ్మట తానీషాను దౌలతాబాదు కోటలో బంధించిరి. అక్కడ ఆయన సుమారు పన్నెండు పదమూడేండ్లు, అనగా గోపన్న గడపెనని చెప్పెడి చెరకు ఇంచుమించు సమానమైన కాలము, ఖైదులోనే యుండి కన్నుమూసెను. సమాధి ఖుల్దాబాదులో నున్నది. ఈ ఘట్టమును మేము చూచినంతలో ఏ చిత్రమువారును తీయలేదు.