ఈథర్నెట్ ఐసోలేషన్ ట్రాన్సుఫార్మరు

ఈథర్నెట్ కేబులుకూ పరికరంలోని సర్క్యూటుకూ మధ్య నేరుగా విద్యుత్ సంబంధం లేకుండా, సంకేతాలను మాత్రమే దాటించే చిన్న ట్రాన్సుఫార్మరును ఈథర్నెట్ ఐసోలేషన్ ట్రాన్సుఫార్మరు అంటారు. వాడుకలో దీనిని మాగ్నెటిక్స్ అని కూడా వ్యవహరిస్తారు. ఇది బోర్డుపై విడి భాగంగా గాని, ఆర్‌జె-45 సాకెట్టు లోపల గాని ఉంటుంది. పరికరం ధర తగ్గించుటకు దీనిని తొలగించవచ్చునా అన్న ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. సమాధానం ముఖ్యంగా కేబులు ఎక్కడికి వెళుతుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

అవసరం

ఈథర్నెట్ రాగి కేబులు సాధారణంగా 100 మీటర్ల వరకు సాగవచ్చును. అంత దూరంలోని రెండు పరికరాలు వేర్వేరు ఎర్తింగులకు కలిపి ఉండవచ్చు. ఆ రెండు చోట్ల భూమి పొటెన్షియలులో తేడా వచ్చినపుడు కేబులు గుండా విద్యుత్తు ప్రవహించి చిప్పును కాల్చివేయగలదు, తాకిన మనిషికి షాకు కొట్టగలదు. ఎర్తింగు సరిగా లేని భవనాలలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. అందువలన ఐఈఈఈ 802.3 ప్రమాణం ఈ వేర్పాటు 1500 వోల్టుల ఏసీని 60 సెకన్ల పాటు తట్టుకోవాలని నిర్దేశించింది. బదులుగా 2250 వోల్టుల డీసీతో కూడా పరీక్షించవచ్చును.

ట్రాన్సుఫార్మరుకు మరొక ప్రయోజనమూ ఉంది. సంకేతం జంట తీగల మధ్య తేడాగా ప్రయాణిస్తుంది కనుక, రెండు తీగలలోనూ ఒకేలా చేరే రొదను ఇది చాలావరకు అడ్డుకుంటుంది. పిడుగుపాటుకు మాత్రం ఇదొక్కటే చాలదు. ఆరుబయట వేసిన కేబులుకు సర్జ్ అరెస్టరు వేరుగా ఉండాలి.

కెపాసిటర్లతో ప్రత్యామ్నాయం

కెపాసిటరు డీసీని ఆపుతుంది, ఏసీని పూర్తిగా ఆపదు. ఉదాహరణకు 0.1 మైక్రోఫారడు కెపాసిటరు 50 హెర్ట్జుల వద్ద సుమారు 32 కిలోఓముల అవరోధం చూపుతుంది. దానిపై 230 వోల్టులు పడితే ఒక్కొక్క తీగలో సుమారు 7 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తాయి. అదీ కెపాసిటరు అంత వోల్టేజిని తట్టుకుంటేనే. 50 వోల్టుల రకమైతే పగిలిపోవచ్చు.

అయితే ఒకే బోర్డుపై, లేదా ఒకే పెట్టెలో ఒకే గ్రౌండు పంచుకొనే రెండు చిప్పుల మధ్య కెపాసిటర్లు సరిపోతాయి. ఇక్కడ ట్రాన్సుఫార్మరు వాడుట నిజంగా వృథా. కొన్ని చిప్పులకు విద్యుత్తు ట్రాన్సుఫార్మరు చుట్ట మధ్య కొస నుండే అందుతుంది. అటువంటి వాటికి ట్రాన్సుఫార్మరు తీసివేసినపుడు సప్లైకి కలిపే నిరోధకాలు తప్పనిసరి. వీటిని మరచిన సర్క్యూటు పనిచేయదు. కార్ల కొరకు 2015లో ప్రమాణీకరించిన 100బేస్-టి1 పద్ధతిలో కూడా సాధారణంగా కెపాసిటర్లనే వాడతారు. కారులోని పరికరాలన్నిటికీ బ్యాటరీ, గ్రౌండు ఉమ్మడిగా ఉండుట అందుకు వీలు కలిగించింది.

గోడలోని సాకెట్టుకు కలిపే పరికరం ఎంత చవకైనదైనా దానికి ఈ మినహాయింపు వర్తించదు.