కళింగ పాఠం: రాజు కథా, ప్రజల వ్యథా?

యుద్ధాన్ని గూర్చిన తొలి అభిప్రాయాలు చాలామందికి పాఠశాలలోని చరిత్ర పుస్తకం నుంచే ఏర్పడతాయి. రాజుల పేర్లు, యుద్ధాలు, సంవత్సరాలు వరుసగా వల్లించిన విద్యార్థి మనసులో గెలిచినవాడే గొప్పవాడన్న భావం తెలియకుండానే నాటుకొంటుంది. ఈ వరుసలో భిన్నంగా నిలిచే పాఠం కళింగ యుద్ధం.

క్రీ.పూ. 261 ప్రాంతంలో, పట్టాభిషిక్తుడైన ఎనిమిదేళ్లకు, అశోకుడు కళింగను జయించాడు. 1,50,000 మంది తరలింపబడ్డారనీ, 1,00,000 మంది హతులయ్యారనీ, అంతకు అనేక రెట్లు మరణించారనీ పదమూడవ శిలాశాసనం పేర్కొంటున్నది. ఈ సంఖ్యలను ప్రకటించినవాడు విజేతయే కావడం గమనార్హం. తమకు హాని జరగకపోయినా ఆప్తుల కష్టాలకు కుమిలిపోయినవారి దుఃఖాన్ని సైతం ఆ శాసనం యుద్ధఫలితాలలో చేర్చింది.

అయితే తరగతిగదిలో ఈ పాఠం తరచుగా "అశోకుడు పశ్చాత్తాపం చెంది ధర్మమార్గాన్ని అవలంబించాడు" అన్న ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. శాసనాలు చెప్పేది అంత సరళమైన కథ కాదు. అశోకుడు కళింగను తిరిగి ఇచ్చివేయలేదు. పశ్చాత్తాపపడినప్పటికీ తనకు దండించే శక్తి కలదని అదే శాసనంలో అటవిక జనులను హెచ్చరించాడు. కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి బండలపై ఉన్న ఈ శాసనం కళింగలోని ధౌలి, జౌగడలలో మాత్రం కనిపించదు. అక్కడ పదకొండు నుంచి పదమూడు వరకు గల శాసనాలకు బదులు రెండు ప్రత్యేక శాసనాలున్నాయి. ప్రజలను బిడ్డలుగా భావించి, ఎవరినీ అన్యాయంగా బంధించకుండా చూడవలెనని అవి అధికారులను ఆదేశిస్తాయి. యుద్ధంలో నష్టపోయిన గడ్డపైనే ఆ సంఖ్యలు ఎందుకు చెక్కబడలేదు?

ఈ ప్రశ్న పరీక్షపత్రంలో కనిపించడం అరుదు. "కళింగ యుద్ధ ఫలితాలను వ్రాయుము" అన్నదానికి రాజు మనసు మారిందని వ్రాస్తే మార్కులు లభిస్తాయి. ఆ విధంగా శాంతి అనేది ప్రభువు హృదయంలో జరిగే అద్భుతంగా మిగిలిపోతుంది. తరలింపబడినవారు, వారి కుటుంబాలు పాఠం నుంచి జారిపోతారు.

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం శాంతి విద్యకు ప్రాముఖ్యమిచ్చింది. దానికి ప్రత్యేక నీతిపాఠాలు అక్కరలేదు. శాసనాన్నే విద్యార్థి ముందుంచి, మరణించినదెవరు, మాట్లాడుతున్నదెవరు, మౌనంగా ఉన్నదెవరు అని అడిగితే చాలును. ఈ ప్రశ్నలు అలవడిన బాలుడు పెద్దవాడై యుద్ధవార్త విన్నప్పుడు జయాపజయాలతోపాటు ప్రాణాల లెక్కనూ అడుగగలడు.