పాలారు ఒడ్డున ముందుజాగ్రత్త: ఎవరి చర్మానికి?

పర్యావరణ చట్టాల్లో ఒక మాట బాగా వాడుకలోకి వచ్చింది, ముందుజాగ్రత్త సూత్రం అని. ఒక పని వల్ల మనుషులకో, నేలకో, నీళ్ళకో పెద్ద హాని జరిగేటట్టు వుంటే, శాస్త్రవేత్తలు దాన్ని పూర్తిగా తేల్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకుండా ముందే అడ్డుకోవాలనేది దీని అర్థం. ఇందులోనే ఇంకో ముఖ్యమైన అంశం వుంది. హాని జరిగిందని బాధపడినవాడు రుజువు చేయనక్కరలేదు. హాని జరగదని ఆ పని చేయదలచినవాడే రుజువు చేయాల.

ఈ ఆలోచన 1970ల్లో జర్మనీ చట్టాల్లో రూపుదిద్దుకుంది. 1992 రియో ప్రకటనలో 15వ సూత్రంగా చేరింది. 1996 ఆగస్టు 28న మన సుప్రీంకోర్టు ఇది ఈ దేశపు చట్టంలో భాగమేనని ప్రకటించింది. ఆ తీర్పుకు కారణమైన నది పాలారు, కారణమైన పరిశ్రమ తోలు. తోలు అన్నాక మాదిగల ప్రస్తావన లేకుండా చరిత్ర వుండదు. అయినా ఆ తీర్పు గురించి రాసినవాళ్ళలో ఎక్కువమంది నీళ్ళ గురించి, న్యాయమూర్తుల గురించి రాసినారు. తోళ్ళు పట్టిన చేతుల వైపు నుంచి ఆ చరిత్రను చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాలారు కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, కోలారు జిల్లా దాటి, కుప్పం ప్రాంతంలో 33 కిలోమీటర్లు పారి తమిళనాడులోకి పోతుంది. పారుతుందనేది మాటవరసకే. ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసకే. దిగువన వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, రాణిపేట. ఈనాడు రాష్ట్ర సరిహద్దు మధ్యలో వుంది గానీ, 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు కుప్పం వున్న కంగుంది జమీను, పుంగనూరు జమీను, ఆంబూరు, రాణిపేట అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. మదనపల్లె మాత్రం కడప జిల్లాలో వుండేది. తమిళనాడులో అరుంధతీయులనే పేరుతో వున్న కులస్తుల్లో చాలామంది ఇళ్ళలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. కాబట్టి పాలారు తోలు చరిత్ర పక్క రాష్ట్రం కథ కాదు, మన చరిత్రే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మెట్టనేలల్లో తంగేడు విత్తకుండానే మొలుస్తుంది. ఆ తంగేడు చెక్కతోనే మాదిగవాడల్లో తోలు వూనేవాళ్ళు. చచ్చిన గొడ్డును ఈడ్చుకొచ్చి, తోలు వొలిచి, సున్నంనీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందలో వారాల తరబడి వూరబెట్టేది. ఆ తోలుతో చెప్పులు, తప్పెట, బావిలో నీళ్ళు తోడే కపిల బాన తయారయ్యేవి. దీనికి కళ్ళంలో దక్కే మేరే కూలి. ఇదేదో అచ్చమైన పాత కాలం అని పొగడబోవడం లేదు. సున్నం చేతుల్ని తినేసేది. వాసన ఒంటిని వదిలేది కాదు. పని పవిత్రమని పొగిడినవాళ్ళు ఎవురూ ఆ లందలో దిగలేదు.

ఆ లందను ఊరు ఎక్కడ పెట్టనిచ్చింది? ఊరికి దూరంగా, మాదిగవాడ పక్కన. అంటే ముందుజాగ్రత్త మన ఊళ్ళకు రియో నుంచి రాలేదు. అంటు, మైల అనేవి రుజువు అడగని జాగ్రత్తలే. మాదిగ ముట్టుకుంటే బావి చెడుతుందని ఏ కాలంలోనూ ఎవరూ నిరూపించలేదు. నిరూపించమని అడిగే అధికారం మాదిగకు లేదు. అదే బావిలోంచి నీళ్ళు తోడింది మాత్రం మాదిగ కుట్టిన బానే. ఊరి జాగ్రత్త మా నుంచి ఊరిని కాపాడుకోవడానికి వుండేది. లంద నుంచి మమ్మల్ని కాపాడడానికి కాదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంకో రకం లంద వచ్చింది. 1903 ప్రాంతంలో మద్రాసులో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ ప్రభుత్వ ఖర్చుతో క్రోమ్ తోలు ప్రయోగాలు మొదలుపెట్టినాడు. ఆ తోలుతో చేయించిన వాటిల్లో బావి బానలు కూడా వున్నాయి. 1912లో క్రోమ్ లెదర్ కంపెనీ వచ్చింది. మద్రాసు శివారులోని క్రోంపేటకు ఆ పేరు దానివల్లే. అయినా చాలాకాలం మద్రాసు రాష్ట్రం నుంచి ఎగుమతైన తోళ్ళలో ఎక్కువ భాగం చెట్ల చెక్కతో వూనినవే. 1972లో సీతారామయ్య కమిటీ నివేదిక ఇచ్చింది. 1973 నుంచి కేంద్ర ప్రభుత్వం పచ్చి తోళ్ళ ఎగుమతిని ఆపి, సగం వూనిన తోళ్ళ ఎగుమతికి హద్దు పెట్టి, పూర్తిగా తయారైన తోలును ప్రోత్సహించింది. దాంతో పాలారు లోయలో క్రోమ్ పని పెరిగింది. వారాల పని రోజుల్లోకి వచ్చింది. విదేశీ మారకం వచ్చింది. ఈ రసాయనాలు పోయే చోటేది, వాటిలో చేతులు పెట్టేవాళ్ళ గతేమిటి అని ముందుగా అడిగి తేల్చుకున్న జాడ లేదు.

అదే కాలంలో పల్లెల్లో కరెంటు మోటర్లు వచ్చి కపిలలు మూలపడినాయి. పచ్చి తోలు వ్యాపారి చేతికి, అక్కణ్ణించి టానరీకి పోయింది. లంద పోయిన మనుషులు కూలికి పోయినారు. టానరీలో యంత్రాలు వచ్చినా కులం పోలేదు. పచ్చి తోళ్ళు మోయడం, సున్నం గుంతల పని, మడ్డి ఎత్తడం లాంటి తడి పనులు ఎక్కువగా దళితులవీ, పేద ముస్లింలవీ అయినాయి.

క్రోమియం విషయంలో శాస్త్రం ఇచ్చే జవాబు సూటిగా వుండదు. టానరీలో వాడేది మూడు వేలెన్సీల క్రోమియం. కేన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1990లో తేల్చింది ఆరు వేలెన్సీల క్రోమియాన్ని. తోలులో, మడ్డిలో మొదటిది రెండోదిగా ఎప్పుడు, ఎంత మారుతుందనేది పరిస్థితుల్ని బట్టి వుంటుంది. ఇట్లాంటి అనిశ్చితి వున్నచోట ‘ఇంకా తేలలేదు కదా’ అనే మాట యజమానికి లాభం, పనివాడికి నష్టం. ముందుజాగ్రత్త సూత్రం పుట్టిందే ఈ మాటకు అడ్డుకట్ట వేయడానికి.

వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన కేసులో జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం చెప్పింది కూడా అదే. టానరీల్లో సుమారు 170 రకాల రసాయనాలు వాడతారనీ, కిలో తోలుకు దాదాపు 35 లీటర్ల నీళ్ళు పడతాయనీ, సుమారు 35,000 హెక్టార్ల సేద్యపు భూమి పూర్తిగానో కొంతగానో సాగుకు పనికిరాకుండా పోయిందనీ తీర్పు నమోదు చేసింది. రుజువు భారం పరిశ్రమదేనంది. ఒక్కో టానరీకి 10,000 రూపాయల జరిమానా వేసి, నష్టాన్ని లెక్కకట్టే అథారిటీని నియమించమంది. ఇది గొప్ప తీర్పు. సందేహం లేదు. అయితే అందులో బావులు లెక్కకు వచ్చినాయి, పొలాలు లెక్కకు వచ్చినాయి. పనివాళ్ళు మాత్రం ‘ఉపాధి’ అనే ఒక్క మాటలో కనిపిస్తారు. అంటే పరిశ్రమకు అనుకూలంగా చెప్పే వాదంలో కనిపిస్తారు, బాధితుల జాబితాలో కాదు.

అథారిటీ 2001లో 29,193 మందికి సుమారు 26 కోట్ల 82 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. సగటున చూస్తే మనిషికి పదివేలు కూడా కాదు. లెక్కకు ఆధారం ప్రధానంగా పాడైన సేద్యపు భూమి. భూమి చెడితే పట్టా వున్నవాడికి పరిహారం. అదే భూమిలో కూలి పోయినవాడికి, ఆ నీళ్ళే తాగినవాడికి చూపించడానికి ఏ కాయితమూ లేదు. భూమిలేనితనం ఇక్కడ రెండోసారి దెబ్బకొట్టింది.

తెలుగునేల మీద ఈ సూత్రాన్ని వివరించిన కేసు 1999 జనవరి 27 నాటిది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాలకు దగ్గర్లో పెట్టదలచిన ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ మీద కాలుష్య నియంత్రణ మండలి చేసిన పోరాటం అది. ప్రమాదం లేదని చూపించాల్సింది ఫ్యాక్టరీయేనని జస్టిస్ ఎం. జగన్నాధరావు విపులంగా రాసినారు. హైదరాబాదు తాగేనీళ్ళకు ఆ జాగ్రత్త అవసరమే. నగరం తాగే నీళ్ళకు వర్తించిన సూత్రం సున్నం గుంతలో నిలబడిన మనిషి కాళ్ళకు ఎందుకు వర్తించలేదన్నదే మా ప్రశ్న.

కొనేవాడి చర్మం విషయంలో జాగ్రత్త ఎంత త్వరగా నడిచిందో చూడండి. 1989లో జర్మనీ తోలుకు బూజు పట్టకుండా వాడే పెంటాక్లోరోఫినాల్‌ను నిషేధించింది. 1994లో కొన్ని ఆజో రంగుల్ని నిషేధించింది. మన ఎగుమతిదారులు మందులు మార్చుకున్నారు, పరీక్షలు చేయించుకున్నారు. సరుకు వెనక్కి వస్తుందంటే అందరికీ శాస్త్రం అర్థమైంది. 2015 మే 1 నుంచి యూరపులో ఒంటికి తగిలే తోలు వస్తువుల్లో ఆరు వేలెన్సీల క్రోమియం కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. చెప్పు తొడుక్కున్నవాడి పాదానికి దద్దురు రాకూడదని ఆ నియమం.

అదే 2015లో, జనవరి ఆఖరున, రాణిపేట సిప్‌కాట్‌లో టానరీల వ్యర్థజలాల శుద్ధి కేంద్రంలో మడ్డి ట్యాంకు గోడ కూలింది. పక్క షెడ్డులో నిద్రపోతున్న 10 మంది కార్మికులు ఆ మడ్డి కింద చచ్చిపోయినారు. వాళ్ళలో ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి పని కోసం వచ్చినవాళ్ళు. ఇందులో అనిశ్చితి ఏముంది? నిండిన గోడ కూలుతుందనేదానికి ప్రయోగశాల అక్కరలేదు. గుంతలోని విషవాయువు మనిషిని చంపుతుందనేదానికీ అక్కరలేదు. తెలిసిన ప్రమాదానికే జాగ్రత్త లేనిచోట, తెలియని ప్రమాదానికి జాగ్రత్త అని చెప్పుకోవడం కాయితం మీది మాటే.

2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్ళీ పాలారు టానరీల మీద తీర్పు చెప్పింది. మిగిలిన పరిహారం ప్రభుత్వం చెల్లించి, ఆ సొమ్ము టానరీల నుంచి రాబట్టమంది. పర్యవేక్షణకు కమిటీ వేయమంది. తోలు కార్మికుల దుస్థితి ఇందులో ప్రస్తావనకు వచ్చింది. మొదటి తీర్పు తర్వాత ఈ ప్రస్తావన రావడానికి 28 ఏళ్ళు పట్టింది.

కుప్పం టానరీలకు ఎగువన వుంది. చెడిన నీళ్ళు ఎగువకు పారవు కాబట్టి మనకేం పట్టిందని అనుకునే వీలుంది. కానీ రేపు మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో పెద్ద ఫ్యాక్టరీ వచ్చి, ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టినప్పుడు భూమి గలవాళ్ళు నీళ్ళ గురించి, పంటల గురించి అడుగుతారు. అడగాల కూడా. దాంతోపాటు మనం అడగాల్సినవి మూడున్నాయి. గుంతలో దిగేది ఎవరు? దిగినా ఏమీ కాదని యజమాని ముందుగా ఏం చూపించినాడు? నష్టం జరిగితే పట్టా లేనివాడి పేరు ఏ జాబితాలో వుంటుంది? రుజువు భారాన్ని యజమాని మీదికి మార్చడం ఈ సూత్రం ప్రాణం. అది గుంత అంచుదాకా రావాల. అంతవరకూ ముందుజాగ్రత్త అనేది మైల చేసిన పనే ఇంకో భాషలో చేస్తుంది. కొందరిని కాపాడుతుంది, కొందరిని దూరంగా పెడుతుంది.