సర్కారు తుమ్మ చరిత్ర

మా ఊరి చెరువుగట్టు మీద సర్కారు తుమ్మ ముల్లు గుచ్చుకోనివాడు లేడు. నిజానికిది మన చెట్టు కాదండీ! 1877లో జమైకా విత్తనాలు తెప్పించి మన కడప జిల్లా కమలాపురంలో నాటారు, వంటచెరకు కోసమట.

1960ల మొదట్లో గుజరాత్ అటవీశాఖ కూడా, రణ్ ఉప్పునేల ముందుకి పాకకుండా, కచ్‌లోని బన్నీ గడ్డిభూముల్లో ఇదే నాటించింది. టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లో పెట్టడమంటే ఇదే :) పశువులు కాయలు తిన్నాయి, పేడతో గింజలు బన్నీ అంతా చేరాయి, గేదెలకి గడ్డి కరువైంది. అక్కడివాళ్ళు దీన్ని 'గాండో బావళ్' అంటారు, అంటే పిచ్చి తుమ్మ.

నరికితే పోతుందా? మొద్దు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. పరిశోధకులు బన్నీలో కొన్నిచోట్ల కొమ్మలు మాత్రం కొట్టి, కొన్నిచోట్ల చెట్టుని పూర్తిగా తీసేసి చూశారు. పూర్తిగా తీసినచోటే గడ్డి బాగా లేచింది. కానీ ఈలోగా ఆ తుమ్మతోనే బొగ్గు కాల్చి బతికే కుటుంబాలు తయారయ్యాయి. మరి వాళ్ళకేం చెబుదాం?