తోటల నాటి ఆకు వైద్యం: కొన్ని అపోహలు

మన ఇండ్లలో పెద్దవారికి జ్వరం తగిలినా, పసివారికి జలుబు చేసినా తప్పక వినిపించే మాట ఒకటుంది. "మన తాతలు తోటలలో ఏ డాక్టరు దగ్గరకు పోయారు? ఆకులు, వేళ్ళతోనే బ్రతికారు కదా!" ఈ మాటలో పెద్దల మీద గౌరవం ఉంది. కాదనను. కాని చరిత్ర మాత్రం ఇందులో సగమే ఉంది. మిగిలిన సగాన్ని గూర్చి కొంత ముచ్చటించుకోవడం మన పసిబిడ్డల క్షేమానికి అవసరమని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మలయా తోటలకు మనవారు మొదట ఒప్పందపు కూలీలుగాను, తరువాత కంగాణీల వెంట వచ్చారు. ఒప్పందపు పద్ధతి 1910లో రద్దయింది. కంగాణీల ద్వారా కూలీలను తీసుకురావడం 1938లో భారత ప్రభుత్వం విధించిన నిషేధంతో ఆగిపోయింది. ఓడ ఎక్కినవారి మూటలో ఎండినవే పట్టి ఉంటాయి: శొంఠి, మిరియాలు, వాము, ఇంగువ, వస కొమ్ము. పచ్చి ఆకు సముద్రం దాటదు. ఆకులు ఇక్కడ దొరికినవే.

మనం నేలవేము అని పిలిచే మొక్కను మలయులు కూడా ఎరుగుదురు. వారి భాషలో దాని పేరు హెంపెడు బూమి, అనగా నేల పిత్తం. చేదును గూర్చి రెండు జాతులవారు ఇంత దగ్గరగా ఆలోచించారు! మన సరస్వతి ఆకు వారికి పెగాగ. వారు దానిని అన్నంలో పచ్చిగా నంజుకుంటారు. బొప్పాయి, జామ అయితే మనవీ కావు, వారివీ కావు; అమెరికా ఖండం నుండి వచ్చినవి. కనుక "ఇవన్నీ మన దేశం నుండి తెచ్చుకున్న మందులు" అనుకోవడం మొదటి పొరపాటు. పేర్లతో మరో చిక్కు ఉంది. బ్రహ్మి అనే పేరు ఒకచోట సరస్వతి ఆకుకు, మరొకచోట నీటి ఒడ్డున పెరిగే వేరొక మొక్కకు చెల్లుతోంది. పేరు ఒకటే కనుక గుణమూ ఒకటే అనుకునేవారు ఈనాటికీ ఉన్నారు.

ఇక జ్వరం సంగతి. తోటలలో మనవారిని పొట్టన పెట్టుకున్న వ్యాధులలో మలేరియా ముఖ్యమైనది. దోమలో ఆ వ్యాధి క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. నాలుగేళ్ళ తరువాత, 1901లో, క్లాంగ్ పట్టణంలోను, కొత్తగా తెరిచిన పోర్ట్ స్వెటెన్‌హామ్ రేవులోను మలేరియా విజృంభించినప్పుడు మాల్కం వాట్సన్ అనే వైద్యుడు ఆ జ్ఞానాన్ని ఆధారం చేసుకొని బురద నేలలకు కాలువలు తీయించి జ్వరాన్ని అణచగలిగాడు. కొండ ప్రాంతపు తోటలలో మాత్రం ఆ ఉపాయం పారలేదు. అక్కడి దోమ మురికి గుంటలలో పెరగదు. ఎండ సోకే తేట నీటి వాగులలో పెరుగుతుంది. రబ్బరు కోసం అడవి నరికినకొద్దీ వాగులపై ఎండ పడింది, జ్వరమూ పెరిగింది. అడవి నరికినది మనవారే, చనిపోయినదీ మనవారే.

తెల్లవారుజామున పేర్లు పిలిచే పెరట్టు దగ్గర డ్రస్సరు క్వినైన్ ఇచ్చేవాడు. దానిని ఇంగ్లీషు మందు అని, మన కషాయాన్ని ఆకు మందు అని వేరు చేసి చెప్పుకోవడం మనకు అలవాటైంది. నిజానికి క్వినైన్ కూడా చెట్టు మందే. దక్షిణ అమెరికాలోని సింకోనా చెట్టు బెరడులో ఉన్న ఆ పదార్థాన్ని 1820లో ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వేరు చేశారు. తరువాత ఆ చెట్లను డచ్చివారు జావాలో తోటలుగా పెంచారు. అంటే మనవారి జ్వరానికి మందు కూడా ఒక తోటలోనే, మరొక కూలీ చేతి మీదుగానే తయారైంది.

క్వినైన్ కడు చేదు. నేలవేమూ చేదే. "చేదు తగిలితే జ్వరం పోతుంది" అనే నమ్మకం మన దేశంలో ముందే ఉన్నా, తోటలలో అది ఇంత గట్టిపడడానికి ఈ పోలిక కూడా కారణమై ఉంటుందని నా అభిప్రాయం. కాని నాలుకకు ఒకటిగా తోచినవి రక్తంలో ఒకే పని చేయవు. నేలవేము కషాయం క్వినైన్ వలె మలేరియాను నయం చేస్తుందని రుజువు కాలేదు. మరి చేసిందని పెద్దలు ఎందుకు చెప్పారు? అబద్ధమాడలేదు. మలేరియాలో ఒక రకం జ్వరం రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన రోజున కషాయం త్రాగిస్తే మరునాడు ఒళ్ళు చల్లబడి ఉంటుంది. కషాయం ఇవ్వకపోయినా చల్లబడేదే!

జపానువారి కాలం ఈ కథకు మరింత బలం చేకూర్చింది. 1942 మార్చిలో జావా వారి వశమైంది. మలయా తోటలలో మందులు కరవయ్యాయి. మన తెలుగువారిని, తమిళులను వేలాదిగా సయాం–బర్మా రైలుమార్గం పనికి తరలించారు. మలేరియా, కలరా, ఆకలి అక్కడ ఎంతోమందిని బలిగొన్నాయి. ఆ రోజులలో ఆకులు నమలడం ఎవరూ కోరి ఎంచుకున్న వైద్యం కాదు. వేరే దారి లేదు. తిరిగి వచ్చినవారు కషాయం కాపాడిందని చెప్పారు. అదే కషాయం త్రాగి రైలు కట్ట ప్రక్కన పడిపోయినవారు ఏమీ చెప్పలేదు.

అలాగని ఆకులలో ఏమీ లేదనడం మరో అపోహ. చీనాలో జ్వరానికి వాడిన ఒక మాచిపత్రి జాతి మొక్క నుండి మలేరియా మందును తీసినందుకు తూ యూయూ అనే శాస్త్రవేత్తకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. ఆమె పనిలో ముఖ్యమైన మలుపు ఏమంటే, ఎక్కువ వేడి తగిలితే ఆ గుణం చెడిపోతున్నదని గ్రహించడం. "ఏ ఆకునైనా మరిగిస్తే సారం దిగుతుంది" అని కుండ పొయ్యి మీద పెట్టే మన పద్ధతి అక్కడ పనికిరాలేదు.

ఇక నేను అన్నింటికన్న ముఖ్యమని తలచే విషయానికి వస్తాను. వేపచెట్టు మనకు దైవసమానం. అమ్మవారు పోసిన ఇంట వేపరెమ్మ కట్టనిదే మనసు నిలవదు. అంతవరకు ఎవరికీ హాని లేదు. కాని ఆకు వేరు, గింజ నుండి తీసిన నూనె వేరు. దగ్గు, జలుబు చేసిన పసిబిడ్డకు వేపనూనె పట్టడం ఈ దేశంలోని భారతీయుల ఇండ్లలో ఉండేది. అలా నూనె నోటిలో పోయగా ఆసుపత్రి పాలైన 13 మంది శిశువులను గూర్చి మలేసియా వైద్యులు 1981లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించారు. నూనె పట్టిన కొద్ది గంటలలోనే వాంతులు, మగత, ఆయాసం, ఆపైన ఫిట్స్. కాలేయంలో కొవ్వు పేరుకోవడం కూడా కనిపించింది. ఆ తల్లులు, అమ్మమ్మలు విషం పెట్టామని కలలోనైనా అనుకొని ఉండరు. చెట్టుది కదా, ఏమి చేస్తుందిలే అనుకున్నారు. ఇంగ్లీషు మందులకు ఈ దోషం లేదని కూడా అనుకోవద్దు. అలాంటి జబ్బుకే ఆస్పిరిన్‌తో సంబంధం ఉన్నదని తేలి, పిల్లలకు జ్వరంలో ఆస్పిరిన్ వద్దని 1980ల నుండి వైద్యులు చెబుతున్నారు.

వస సంగతీ అంతే. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం. మాటలు త్వరగా రావాలని వస కొమ్ము అరగదీసి పసివాడి నాలుకకు రాస్తాం. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. భారతదేశపు వస నూనెను ఎలుకలకు మేపగా వాటి ప్రేగులలో కణుతులు లేచాయి. అమెరికా ప్రభుత్వం 1968లో ఆహారంలో వసను నిషేధించింది. విచిత్రమేమంటే అమెరికాలో సహజంగా పెరిగే వసలో ఆ పదార్థం లేదు. ఎక్కువగా ఉన్నది మన దేశపు వసలోనే. మా ఇంట్లో ఒక గీత మించి అరగదీస్తే ముసలమ్మ చేతి మీద కొట్టేది. ఎందుకని అడిగితే చెప్పేది కాదు. ఆ కొలత ఇప్పుడు ఎవరికి జ్ఞాపకం? పేరు మిగిలింది, గీత చెరిగిపోయింది.

మలేసియాలో 1992 నుండి సంప్రదాయ మందులను కూడా ప్రభుత్వం వద్ద నమోదు చేయవలసి ఉన్నది. అలా నమోదైన మందు పెట్టె మీద ఎంఏఎల్ అనే అక్షరాలతో మొదలై, టీ అక్షరంతో ముగిసే సంఖ్య ఉంటుంది. దీపానికని అమ్మే వేపనూనె సీసా మీద ఆ సంఖ్య కోసం వెదకవద్దు. అది మందుగా నమోదైనది కాదు, బిడ్డ నోటి కోసం తీసినదీ కాదు.