వోల్టేజ్ డ్రాప్ పరీక్ష: పాత పికప్ ట్రక్కులు

వోల్టేజ్ డ్రాప్ పరీక్ష అంటే వైరు, స్విచ్చు, ఎర్త్ వంటి భాగంలో కరెంటు పారుతుండగా దాని రెండు కొసల మధ్య ఎంత వోల్టేజీ తగ్గుతోందో కొలిచే పద్ధతి. దీనికి ఆధారం గేయోర్గ్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం. అమెరికాలో షెవ్రొలే పికప్‌లు 1955లో, ఫోర్డ్ పికప్‌లు 1956లో 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మారాయి. ఈ 12 వోల్టుల బండ్లలో బ్యాటరీ నెగటివ్ కొస ఇంజనుకు, ఛాసిస్‌కు కలుస్తుంది. తిరుగు కరెంటుకు ఆ ఇనుమే దారి. ఏళ్ల తరబడి తుప్పు చేరేదీ ఆ అతుకుల దగ్గరే. కాబట్టి లైట్లు మసకబారినా, సెల్ఫ్ బరువుగా తిరిగినా, ఛార్జి సరిగా ఉన్న బ్యాటరీని మార్చేముందు ఎర్త్‌ను అనుమానించడం సబబు.

ఓమ్ మీటరుతో నిరోధం చూస్తే చాలదా అనవచ్చు. చాలదు. ఆ మీటరు పంపే కరెంటు అత్యల్పం; ఒకే పోగు మిగిలిన కేబులు కూడా దానికి బాగున్నట్టే కనిపిస్తుంది. అతుకులో 0.01 ఓమ్ నిరోధం పెరిగితే 5 ఆంపియర్ల బల్బుకు తగ్గేది 0.05 వోల్టే, 150 ఆంపియర్లు లాగే సెల్ఫ్ మోటారుకు 1.5 వోల్టులు తగ్గుతాయి. లైట్లు వెలుగుతున్నాయి గనుక వైరింగ్ బాగుందనే వాదన ఇక్కడే వీగిపోతుంది. ఫ్యూజు నిలిచి ఉండటమూ రుజువు కాదు: నిరోధం పెరిగితే కరెంటు తగ్గుతుంది, ఫ్యూజు మాడదు. మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ స్తంభానికి, క్లాంపుకు కాదు, రెండోదాన్ని ఇంజను బ్లాకుకు ఆనించి సెల్ఫ్ కొట్టాలి, 0.2 వోల్టులు దాటితే ఆ దారిని విప్పి శుభ్రం చేయడం వాడుక. అయితే బండి ఆపి ఉంచినప్పుడు బ్యాటరీ దిగిపోయే లోపాన్ని ఇది పట్టదు. దానికి ఆమ్మీటరును వరుసలో కలపాలి.